మర్ఫా మ్రోత: హైదరాబాదు నుండి హార్లెము వరకు

ఊరిలో పెండ్లి జరిగినను, జాతర జరిగినను, చావు జరిగినను ముందుగా తెలియజేయునది డప్పు. ఖమ్మము జిల్లాలోని మా బోనకల్ వంటి గ్రామములలో పుట్టి పెరిగినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. మేకతోలు బిగించిన ఆ కొయ్యచట్రమును ఎండుగడ్డి మంటపై కాచి, కుడిచేత సిర్రయు ఎడమచేత చిటికెన పుల్లయు పట్టి వాయించుచుండగా, అది శుభమో, అశుభమో, పంచాయతీవారి చాటింపో ఇంటిలో కూర్చున్నవారు దరువును బట్టియే గ్రహింతురు. చిన్ననాట మేము ఆ దరువులను గుర్తుపట్ట నేర్చితిమి. వాయించినవారిని గూర్చి మాత్రము మేమెరిగినది మిక్కిలి తక్కువ. పెండ్లి ఊరేగింపునకు ముందు నడచినవారే, విస్తళ్ళు పరచువేళ పందిటికి వెలుపల దూరముగా కూర్చుండుట చూచితిమి. అది ఏల అని అడుగవలెనను తలంపు ఆనాడు మాకు కలుగలేదు.

ఆ ప్రశ్న మాకు కలిగినది మా ఊరిలో కాదు, హైదరాబాదులో. కాజీపేట - విజయవాడ మార్గమున, ఖమ్మమునకును మధిరకును నడుమనున్న మా స్టేషనులో బండి ఎక్కినవారు కొన్ని గంటలలో రాజధాని చేరుదురు. అచట ఒక సాయంకాలము పాతనగరపు వీథిలో పెండ్లి ఊరేగింపొకటి మాకెదురైనది. వరుని ముందు కొందరు వాద్యకారులు నడచుచుండిరి. వారి చేతులలోనివి మేమెరిగిన డప్పులు కావు. ఆ మ్రోతకు దారిన పోవువారు సైతము నిలిచి కాలు కదలించుచుండిరి. ఇది ఏమి వాద్యమని ప్రక్కనున్న వృద్ధుని అడిగితిమి. “మర్ఫా” అని ఆయన చెప్పి, “హబ్షీల బాజా” అని చేర్చెను. వాయించువారి ముఖములను అప్పుడు గాని మేము పరికించి చూడలేదు.

వాద్యమును పిలుచుట వేరు, వాద్యకారుని పిలుచుట వేరు. ఈ రెంటికి నడుమనున్న దూరమును కొలుచుటకే ఈ వ్యాసము. ఆ దూరము మా ఊరి పందిటిలోను కలదు, హైదరాబాదు వీథిలోను కలదు, అమెరికాలోని హార్లెములోను కలదు. హార్లెములో ఒక వేసవికాలమున, ఆరు ఆదివారములపాటు, ఆ దూరము చెరిగిపోయినది. అది ఎట్లు జరిగినదో తెలిసికొనుటకు ముందు మన ఇంటి కథ తెలియవలెను.

హబ్షీ యనగా హబష్ దేశస్థుడు. అరబ్బులు అబిసీనియాకు, అనగా నేటి ఇథియోపియా ప్రాంతమునకు, పెట్టిన పేరు హబష్. కాలక్రమమున తూర్పు ఆఫ్రికానుండి వచ్చినవారందరికి మన దేశమున ఆ పేరే వర్తించినది. వారినే సిద్దీలనియు అందురు. అరేబియా సముద్రము దాటి కొందరు నావికులుగను, కొందరు వర్తకులుగను, పెక్కుమంది అమ్ముడుపోయిన బానిసలుగను మన పడమటి తీరమునకు చేరిరి. దక్కను సుల్తానులకు గుఱ్ఱములతోపాటు నమ్మదగిన సైనికులును కావలసియుండెను. బంధువర్గము లేని పరదేశి యజమానిని విడిచి పోజాలడని వారి లెక్క. ఆ లెక్క సరిపోయినంతకాలము సరిపోయినది. బహమనీ సుల్తానుల నాటికే హబ్షీలు కోటలలోను, కొలువులలోను తమదైన ఒక పక్షముగా నిలబడిరి. రాజును నిలుపుటకును, దింపుటకును వారి కత్తి ఆధారమైన సందర్భములు కలవు.

వారిలో మాలిక్ అంబరు పేరు మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో ఒక పంక్తిగా చదివియుందురు. ఆ పంక్తి వెనుక ఒక మహాప్రయాణము దాగియున్నది. 16వ శతాబ్దపు నడుమ ఇథియోపియాలో పుట్టిన ఆ బాలుడు బానిసల సంతలలో చేతులు మారుచు, బాగ్దాదు మీదుగ దక్కను చేరి, అహమదునగరు రాజ్యపు మంత్రియగు చంగీజ్ ఖానునకు సొత్తు అయినాడు. చంగీజ్ ఖాను సైతము ఒకప్పుడు బానిసయై వచ్చిన హబ్షీయే. యజమాని మరణానంతరము స్వతంత్రుడైన అంబరు సైన్యము కూర్చుకొని, మొగలులకు లొంగిపోవుచున్న నిజాంషాహీ రాజ్యమును నిలబెట్టి, దానికి సర్వాధికారి అయ్యెను. 1610లో ఖడ్కీ నగరమును కట్టించి, దానికి భూగర్భ కాలువలద్వారా నీరు తెప్పించెను. ఆ ఖడ్కీయే తరువాత ఔరంగాబాదు అయినది. శివాజీ తండ్రియగు షాహజీ ఆయన సేనలో పోరాడినవాడు. 1624లో భాత్వాడి యుద్ధమున మొగలు సేనను, బీజాపూరు సేనను ఒక్కటిగా ఓడించిన ఆయన 1626లో కన్నుమూసెను. ఆయన సమాధి ఖుల్దాబాదులో కలదు. బ్రతికియున్నంతకాలము ఆయనను జయింపలేని జహంగీరు చక్రవర్తి, ఈటెకొనపై గ్రుచ్చిన అంబరు శిరస్సును తాను బాణముతో కొట్టుచున్నట్లు ఒక చిత్రము వ్రాయించుకొనెను. రణరంగమున దొరకని విజయము కాగితముపై దొరకినది. చరిత్రను ఎవరు వ్రాయింతురో, ఎవరు వ్రాయబడుదురో తెలుపుటకు ఇంతకన్న సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

ఇక హైదరాబాదు సంగతి. ఈ నగరపు పేటల పేర్లు ఒకసారి నెమ్మదిగా పలికి చూడుడు. సిద్ది అంబరు బజారు పేరులో సిద్దీ కలడు. హబ్సిగూడ పేరులో హబ్షీ కలడు. మాసబ్ ట్యాంకు సమీపముననున్న ఏ.సీ. గార్డ్సు అను పేటపేరులోని మొదటి రెండక్షరములకు అర్థము ఆఫ్రికన్ కావలరీ, అనగా ఆఫ్రికా అశ్వికదళము. వనపర్తి సంస్థానాధీశులు పోషించిన హబ్షీ దళములు తరువాత నిజాము కొలువునకు వచ్చినవి. ప్రభువు వెడలునప్పుడు గుఱ్ఱములపై ముందు వెనుకల నడచుట, ప్రభువు దేహమును కాపాడుట వారి పని. వారి నివాసమునకు కట్టిన బారకులే నేటి పేటకు మూలము.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనది. ప్రభువు అధికారము పోయిన వెనుక ప్రభువు అంగరక్షకులతో పనియేమి? దళము రద్దయినది. గుఱ్ఱములు పోయినవి, ఉద్యోగములు పోయినవి. తరతరములుగా ఇచటనే పుట్టి, ఇచటి దక్కనీ ఉర్దూ మాటలాడుచు, ఇచటివారితో వియ్యమందినవారికి తిరిగి పోవుటకు వేరొక దేశము లేదు. వారు బారకులయందే నిలిచి, దొరకిన చిన్న ఉద్యోగములతోను, చేతిపనులతోను కాలము గడపిరి. వారి చేతిలో మిగిలిన పూర్వుల సొత్తు ఒక్కటియే. అదియే మర్ఫా.

మర్ఫా యనునది తోలు మూసిన ఒక వాద్యమునకు పేరు. ఆ పేరే మేళము మొత్తమునకు వచ్చినది. మేళములో డోళ్ళుండును, దఫ్ అను పలక వాద్యముండును, లోహపు బిందె యుండును, థాపీ యను కొయ్యబద్దలుండును. పాటకన్న లయకే ఇందు ప్రాధాన్యము. ఒకరు నడక పట్టగా వేరొకరు దానికి అడ్డముగా మరియొక నడక వేయుదురు. ఆ రెంటి నడుమ బిందె గణగణలాడును. మెల్లగా మొదలైన మ్రోత క్రమముగా వేగమందుకొనును. అప్పుడు యువకులు కర్రలు, కత్తులు త్రిప్పుచు చిందులు వేయుదురు. ఈ మేళమునందు హబ్షీలతోపాటు యెమెనులోని హద్రమౌతునుండి వచ్చిన అరబ్బులకును భాగమున్నది. నిజాము సేనలో చేరిన ఆ అరబ్బుల నివాసమే నేటి బార్కసు. బారకులను మాటయే జనుల నోట బార్కసు అయినది. ఈ విధముగా ఆఫ్రికా లయయు అరబ్బుల లయయు దక్కను గడ్డపై కలిసి, వేరెచ్చటను లేని ఒక సంగీతమును పుట్టించినవి.

ఈ సంగీతమునకు మతముల హద్దు లేదు. ముసల్మానుల పెండ్లిలో మ్రోగిన మేళమే హిందువుల ఊరేగింపునకును వచ్చును. నేడు తెలంగాణమంతట, మా బోనకల్ వీథులలో సైతము, యువకులు కోరికోరి వాయింపించుకొను తీన్‌మారు దరువు మర్ఫానుండి పుట్టినదేయని పలువురు చెప్పుదురు. ఆ దరువునకు చిందులు వేయువారిలో ఎందరికి హబ్షీలను గూర్చి తెలియును? లయ పల్లె పల్లెకు చేరినది. దానిని తెచ్చినవారి పేరు ఏ.సీ. గార్డ్సు దాటి రాలేదు.

మన దేశమున ఆఫ్రికా సంతతివారు హైదరాబాదులోనే కాక గుజరాతులోను, కర్ణాటకలోను కలరు. గుజరాతులో రతన్‌పూరునందలి బావా గోర్ దర్గావద్ద సిద్దీలు ఆడు ఆటను గోమ యందురు. ఆఫ్రికాలోని స్వాహిలి మొదలగు భాషలలో డోలునకు పేరు ఙోమ. ఉత్తర కన్నడ జిల్లా అడవులలోని సిద్దీలు ఢమామి యను డోలును వాయించి ఆడుదురు. భాష మరచిరి, ఊరి పేరు మరచిరి, ఓడ పేరు మరచిరి. చేతి దెబ్బను మాత్రము మరువలేదు. తల్లి బిడ్డకు ఆస్తి ఇయ్యలేని చోట దరువు నిచ్చినది.

తూర్పు సముద్రమార్గమున వచ్చినవారి కథ ఇది. పడమటి సముద్రము దాటింపబడినవారి కథ ఇంతకన్న కఠినము. 16వ శతాబ్దమునుండి 19వ శతాబ్దమువరకు సుమారు ఒక కోటి 25 లక్షలమంది ఆఫ్రికావాసులు బంధితులై అట్లాంటిక్ ఓడలకెక్కింపబడిరని చరిత్రకారుల లెక్క. వారిలో ఇరువది లక్షలమందికి మించిగాని, ఇంచుమించుగాని దారిలోనే మరణించిరి. చేరినవారి చేతినుండి డోలునే లాగికొనిరి. 1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో నదీతీరమున బానిసలు తిరుగబడి, డోళ్ళు మ్రోగించుచు నడచిరి. మరుసటి సంవత్సరపు శాసనము బానిసలు డోళ్ళు, కొమ్ముబూరలు వాడరాదని నిషేధించినది. డోలు పిలుపునకు జనము కూడుదురని యజమానులకు తెలియును. మన ఊళ్ళలో డప్పును చాటింపునకు వాడినవారికిని ఆ సంగతి తెలియును.

డోలు పోయినచోట అరచేతులు తాళములైనవి, పాదములు మృదంగములైనవి. ఆ లయనుండియే ఆరాధన గీతములు, బ్లూసు, జాజు పుట్టినవి. 20వ శతాబ్దపు తొలి దశకములలో దక్షిణాది రాష్ట్రముల బాధలు పడలేక లక్షలాది నల్లజాతివారు ఉత్తరాది నగరములకు తరలిరి. న్యూయార్కు నగరములోని హార్లెము వారి పెద్ద నివాసమైనది. 1920వ దశకమున అచట కవులు, గాయకులు, చిత్రకారులు ఒక నూతన యుగమును నిర్మించిరి. ఆ హార్లెములోనే కాటన్ క్లబ్ అను ప్రసిద్ధ విలాసశాల యుండెను. 1927 మొదలు 1931 వరకు డ్యూక్ ఎల్లింగ్టన్ తన వాద్యబృందముతో అచట వాయించెను. వేదికపై నల్లజాతివారు, ఎదుట కూర్చుండువారు తెల్లవారు. నల్లజాతి ప్రేక్షకులకు అచట ప్రవేశము లేదు. వాయించువాని సోదరుడు ఆ పాట వినవలెనన్న వీథిలో నిలువవలసినదే. ఈ సంగతి చదివినపుడు మాకు మా ఊరి పెండ్లిపందిరి గుర్తునకు వచ్చినది.

ఇంతకాలమునకు ఆ వీథియే వేదిక అయిన దినము వచ్చినది. 1967 వేసవిలో టోనీ లారెన్సు అను గాయకుడు నగర ఉద్యానవన శాఖ సాయముతో హార్లెము సాంస్కృతికోత్సవమును ఆరంభించెను. అవి ప్రశాంతమైన దినములు కావు. 1964లో హార్లెమున అల్లరులు చెలరేగియుండెను. 1968 ఏప్రిల్ 4వ తేదీన మార్టిన్ లూథర్ కింగు హత్య గావింపబడెను. మరల మంటలు లేచునేమోయని నగరము భయపడుచున్న కాలమున, 1969 జూన్ 29 మొదలు ఆగస్టు 24 వరకు ఆరు ఆదివారములలో మౌంట్ మారిస్ పార్కునందు మూడవ ఉత్సవము జరిగినది. టిక్కెట్టు లేదు. మొత్తముమీద సుమారు మూడు లక్షలమంది వచ్చిరి. ముసలివారు కుర్చీలు తెచ్చుకొనిరి, తల్లులు అన్నపు గిన్నెలు తెచ్చుకొనిరి, పిల్లలు చెట్లెక్కి కూర్చుండిరి. మన జాతరలు చూచినవారికి ఈ దృశ్యము క్రొత్తగాదు.

ఆ వేదికపై పందొమ్మిదేండ్ల అంధగాయకుడు స్టీవీ వండర్ పాడుటయే కాక డ్రమ్ములు సైతము వాయించెను. బి.బి. కింగు తన గిటారుతో బ్లూసు వినిపించెను. దక్షిణాఫ్రికానుండి దేశాంతరగతుడైన హ్యూ మసెకేలా తన బాకా నూదెను. క్యూబా దేశపు మోంగో శాంతమరియా అరచేతులతో కోంగా డోళ్ళు మ్రోగించెను. దక్షిణ కరోలినా నిషేధించిన డోలు రెండువందల యేండ్లకు పైబడి న్యూయార్కు నడిబొడ్డున మ్రోగినది. జూలైలో ఆరాధన గీతములకు కేటాయించిన ఆదివారమున, కింగునకు అత్యంత ప్రియమైన ప్రార్థనగీతమును మహలియా జాక్సన్, మేవిస్ స్టేపుల్సు అను వృద్ధ యువ గాయనులు కలిసి ఆలపించిరి. వేరొక ఆదివారమున, అనగా జూలై 20వ తేదీన, మానవుడు చంద్రునిపై దిగెను. లోకమంతయు టెలివిజను ముందు కూర్చున్నపుడు హార్లెమువారు పార్కులోనే నిలిచిరి. ఆ సొమ్ము ఇచటి పేదలకు వెచ్చించియుండిన మేలుగదాయని వారిలో కొందరు నిర్మొగమాటముగ చెప్పిరి.

ఉత్సవమున జరిగినది గొప్ప. ఉత్సవము తరువాత జరిగినది అంతకన్న ఆలోచింపదగినది. హాల్ తుల్చిన్ అను దర్శకుడు ఆ ఆరు దినములను సుమారు నలుబది గంటల నిడివిగల చిత్రముగా పట్టెను. దీపములకు డబ్బు లేక, సాయంకాలపు ఎండ పడునట్లు వేదికను పడమటిదిక్కునకు నిలిపిరట. కొద్దిభాగము ఆ యేడే టెలివిజనులో వచ్చినది. తక్కినదానిని చిత్రముగా కొనువారే లేకపోయిరి. అదే ఆగస్టులో అదే రాష్ట్రమున జరిగిన వుడ్‌స్టాకు సంగీతోత్సవము 1970లో చలనచిత్రమై జగత్ప్రసిద్ధి చెందగా, హార్లెము ఉత్సవపు చుట్టలు తుల్చిన్ ఇంటి నేలమాళిగలో ఇంచుమించు ఏబదియేండ్లు పడియుండెను. 2017లో తుల్చిన్ గతించెను. 2021లో క్వెస్ట్‌లవ్ అను పేరుతో ప్రసిద్ధుడైన సంగీతజ్ఞుడు అహ్మీర్ థాంప్సన్ వానిని కూర్చి ‘సమ్మర్ ఆఫ్ సోల్’ అను చిత్రముగా వెలువరించెను. 2022లో దానికి ఆస్కారు బహుమానము వచ్చినది. ఆ పార్కులో బాలుడుగానున్న ఒకడు, నెరసిన తలతో ఆ చిత్రము చూచి కంటతడి పెట్టుట అందులోనే కలదు. తాను చూచినది నిజమని చెప్పు సాక్షి దొరకుటకు అతనికి అర్ధశతాబ్దము పట్టినది.

పండుగ అనగా ఏమో మాకు ఇప్పుడు కొంత తెలియవచ్చినది. ఇతరుల ఊరేగింపు ముందు నడచుట పండుగకాదు. తన ఊరేగింపు తానే జరుపుకొని, తన పేరు తానే చెప్పుకొని, తన పిల్లలు వినుచుండగా వాయించుట పండుగ. హైదరాబాదు హబ్షీలు నాలుగు తరములుగా నగరపు పండుగలన్నింటికి వాయించిరి. నగరము నడుమ వారి పేర, వారి పూర్వుల పేర ఒక వేసవి సాయంకాలము ఏర్పాటగునా? మాలిక్ అంబరు నగరము కట్టినవాడు. ఆయన సంతతివారికి నగరమున ఒక వేదిక అడుగుట అత్యాశ కాదు.

మా ఊరి ప్రశ్నకును ఇచటనే సమాధానము వెదకుకొనుచున్నాము. 1950 జనవరి 26నుండి అమలులోనున్న రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. తెలంగాణ ఉద్యమకాలమున ధూంధాం వేదికలపై డప్పు నడుమ నిలిచి మ్రోగినది. మాదిగ కళాకారుడు వెలుపలివాడు కాక ముందువాడయ్యెను. ఆ మార్పు సామాన్యమైనది కాదు. అయినను పల్లెలలో పెట్టెపాటలు, యంత్రపు బాజాలు వచ్చి, పాత దరువులెరిగిన చేతులు ఒక్కొక్కటిగా విశ్రమించుచున్నవి. చావు దరువునకును జాతర దరువునకును భేదము చెప్పగల వృద్ధుడు పోయిన దినమున ఒక గ్రంథాలయము మూతపడినట్లే. భద్రాచలపు కోయలు కొమ్ములు ధరించి ఆడు ఆటలోని డోలుమాటయు ఇంతే.

హార్లెమునకు ఒక తుల్చిన్ దొరకెను. ఆయన చుట్టలు చెడిపోకుండ నిలిచినవి. మనకు నేలమాళిగ లేదు, చుట్టలు అసలే లేవు. కాని నేడు ప్రతి ఇంటను శబ్దమును పట్టు పరికరము చేతిలోనే యున్నది. ఈ వేసవి జాతరలో డప్పు మ్రోగునపుడు ఆ దరువును పట్టి భద్రపరచవలెను. దానికి ముందు వాయించునతని పేరును, ఆ దరువు ఎవరివద్ద నేర్చెనో ఆ గురువు పేరును అడిగి వ్రాసికొనవలెను. విస్తరి వేయువేళ ఆయనను పంక్తిలో మన ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. మేము చిన్ననాట అడుగని ప్రశ్నను మా పిల్లలు అడుగక ముందే ఈ మూడు పనులును మా ఊరిలో జరుగవలెనని మా కోరిక.